తండ్రి నిలిపిన చోట నుంచి: బాండా బ్లాక్ రియో పునరాగమనం, నా రియో రోజులు

బ్రెజిల్ సంగీతం అనగానే మనలో చాలామందికి కార్నివాల్ ఊరేగింపుల సాంబా, లేకపోతే గిటారు మీద సన్నగా సాగే బోసా నోవా గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ రెంటికంటే ముందు బాండా బ్లాక్ రియో గుర్తుకొస్తుంది. 1976లో రియో డి జనీరోలో పుట్టి, 1977 నుంచి 1980 లోపు మూడు ఆల్బములు చేసి, నాయకుడి మరణంతో 1984లో ఆగిపోయిన ఆ బృందాన్ని ఆయన కొడుకు మళ్లీ కూడగట్టి, 2001లో ‘మొవిమెంతో’ (కదలిక) అనే ఆల్బముతో జనం ముందుకు తెచ్చాడు. నేను రియోలో ఉద్యోగం చేసిన కాలం, ఆ ఆల్బము స్నేహితుల మధ్య చేతులు మారుతున్న కాలం ఒక్కటే. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగీతం మీద నాకున్న మమకారం తగ్గలేదు. దాన్ని గురించి తెలుగులో ఎవరైనా రాయగా నేను చూడలేదు కనుక నాకు గుర్తున్నంత వరకు రాయాలనుకున్నాను.

నేను అక్కడికి ఎలా చేరానో ముందు చెప్పాలి. 1999లో బ్రెజిల్ జనరిక్ మందుల చట్టం తెచ్చింది. మందుల నియంత్రణ కోసం అన్వీసా అనే సంస్థను కూడా ఆ ఏడాదే ఏర్పాటు చేసింది. దానితో హైదరాబాదు మందుల కంపెనీలకు ఆ దేశం మీద ఆసక్తి పెరిగింది. రిజిస్ట్రేషను కాగితాలు చూసుకోవడానికి అక్కడికి పంపినవారిలో నేనూ ఉన్నాను. మా ఆఫీసులో ఫైళ్ల గది చూసుకునే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన నగరానికి ఉత్తరాన ఉన్న మదురేరాలో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. నాకు పోర్చుగీసు సరిగా రాని రోజుల్లో నేను తడబడినప్పుడల్లా ఓపికగా సరిదిద్దింది ఆయనే. మధ్యాహ్నం అన్నంలోకి నల్ల చిక్కుడు గింజల కూర కలుపుకుంటూ ఆయన చెప్పిన కబుర్లే నాకు ఆ నగరాన్ని చూపించాయి. ఆ కబుర్లలో సగం పైగా 1970లలో వారం వారం తాను వెళ్లిన సోల్ నృత్యాల గురించే, అంటే అమెరికా నల్లజాతి వారి సోల్ సంగీతానికి చేసే నృత్యాల గురించే, ఉండేవి.

2002 జూన్ 30న బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచింది. ఆ తరువాత కొన్నాళ్ల పాటు మా ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు నిలవలేదు. ఆ రోజుల్లోనే పెద్దాయన ఒక సీడీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇది కొడుకు చేసినది, ముందు ఇది విను, తండ్రి చేసినది తరువాత ఇస్తాను అన్నారు. ఆయన ఆ వరుస ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలియదు. బహుశా తండ్రి ఎల్పీ అరిగిపోకుండా క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి ఆయనకు కొంత వ్యవధి కావలసి వచ్చిందేమో. ఆ వరుస వల్ల నేను ఈ బృందాన్ని వెనక నుంచి ముందుకు కాక ముందు నుంచి వెనక్కి నడిచి తెలుసుకున్నాను. ఈ ఆల్బము గురించి నాకున్న అభిప్రాయమంతా అందులోంచే వచ్చింది.

‘మొవిమెంతో’ మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టి నిలిపింది బేస్ గిటారు. చక్రవర్తి గారి సినిమా పాటలు రేడియోలో వింటూ పెరిగిన నా చెవికి బేస్ గిటారు నడక, ట్రంపెట్ల విరుపు కొత్తవి కావు. కానీ ఇక్కడ ఆ బేస్ కింద మరొక తాళం నడుస్తోంది. అది అమెరికా ఫంక్ తాళం కాదు. అలాగని వీధుల్లో నాకు వినిపిస్తున్న సాంబా కూడా కాదు. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కన నడుస్తున్నాయి. పైన గొంతులు మెత్తగా, గుంపుగా పాడుతున్నాయి. కీబోర్డుల స్వరాలు గొంతుల వెనక దట్టంగా పరుచుకున్నాయి. ఆ కీబోర్డులు వాయించినవాడు, బృందాన్ని తిరిగి నిలబెట్టినవాడు విలియం మగల్యాయిస్. ఆయన తండ్రి ఒబెర్దాన్ మగల్యాయిస్ సాక్సఫోన్ వాద్యకారుడు, బాండా బ్లాక్ రియో స్థాపకుడు.

ఆ తాళం ఎలా నడుస్తుందో పెద్దాయన బల్ల మీద చేత్తో కొట్టి చూపించారు. సాంబా రెండు దెబ్బల లెక్కలో సాగుతుంది. సుర్దో అనే పెద్ద డోలు రెండో దెబ్బ మీద ఊనిక వేస్తుంది. ఆ ఊనిక చుట్టూ తంబొరిం, పండేరో, అగొగో వంటి చిన్న వాద్యాలు సన్నటి గతులు అల్లుతాయి. అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం ప్రపంచానికి నేర్పిన ఫంక్‌లో బరువంతా మొదటి దెబ్బ మీద పడుతుంది. ఒకటి రెండో దెబ్బ మీద నేలకు దిగుతుంది, మరొకటి మొదటి దెబ్బ మీద. ఈ రెంటినీ ఒకే పాటలో నిలబెట్టాలంటే డ్రమ్స్ వాయించే మనిషి సాంబా దళమంతటి పనిని తన రెండు చేతులూ రెండు కాళ్లతో చేయాలి. అదే సమయంలో బేస్ వాయించే మనిషి మొదటి దెబ్బను వదలకుండా పట్టుకోవాలి. 1977లో లూయిజ్ కార్లోస్ డ్రమ్స్ మీద, జమీల్ జోవానిస్ బేస్ మీద ఆ పని చేశారు. ఇప్పటికీ ఆ ఇద్దరి జోడీని మించి చేసినవారిని నేను వినలేదు.

కొన్ని వారాలకు క్యాసెట్టు వచ్చింది. దాని మీద పెద్దాయన నీలి సిరాతో ‘మరియా ఫుమాసా, 1977’ అని రాశారు. పొగబండి పేరు పెట్టుకున్న ఆ ఆల్బములో ఒక్క మాట కూడా ఉండదు. పది బాణీలూ వాద్యాలతోనే నడుస్తాయి. ఒబెర్దాన్ సాక్సఫోన్, బరోజిన్యో ట్రంపెట్, లూసియో ట్రాంబోన్ కలిసి ముందు వరుసలో ఉంటాయి. క్రిస్టోవావ్ బస్తోస్ ఎలక్ట్రిక్ పియానో, క్లౌజియో స్టీవెన్‌సన్ గిటారు మధ్యలో ఉంటాయి. వెనక డ్రమ్స్, బేస్ ఆగకుండా పరుగెత్తుతాయి. అయినా ఎక్కడా ఇరుకు అనిపించదు. ఎవరి చోటు వారికుంది. అంతకు ముందే కొడుకు ఆల్బము నాకు అలవాటైపోయింది కనుక తండ్రి ఆల్బము వింటున్నప్పుడు కొత్త మనుషులను కలిసినట్టు కాక, తెలిసిన ఇంట్లో ఇంతవరకు తెరవని గది తెరిచినట్టు అనిపించింది. ఆ మలుపు ఇక్కడి నుంచి వచ్చిందా, ఆ కొమ్ముల (సాక్సఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్‌ల) వరుస ఇదా అని ఒక్కొక్కటీ పోల్చుకుంటూ విన్నాను.

ఆ ఆల్బము ఎక్కడి నుంచి పుట్టిందో తెలియాలంటే 1970ల రియో ఉత్తర శివార్లకు వెళ్లాలి. రియోలో దక్షిణ భాగం సముద్రం, హోటళ్లు, డబ్బున్నవారి మేడలు. ఉత్తర భాగం రైలు పట్టాల వెంట పెరిగిన శ్రామికుల పేటలు. అక్కడి క్లబ్బుల్లో ఆ దశాబ్దం తొలి సంవత్సరాల నుంచి శనివారాలు, ఆదివారాలు సోల్ నృత్యాలు మొదలయ్యాయి. భారీ స్పీకర్లు పేర్చి అమెరికా సోల్, ఫంక్ రికార్డులు వేసే సౌండ్ బృందాలు వచ్చాయి. సోల్ గ్రాన్ ప్రీ, ఫురకావ్ 2000 వంటి పేర్లను పెద్దాయన మనం సినిమా తారల పేర్లు చెప్పుకున్నట్టు చెప్పేవారు. వేలాది నల్లజాతి యువకులు జుట్టు గుండ్రంగా పెంచి, ఎత్తు మడమల బూట్లు వేసుకుని ఆ నృత్యాలకు వచ్చేవారు. దోమ్ ఫిలో అనే యువకుడు రెనసెన్సా క్లబ్బులో నడిపిన నృత్యాలలో గోడ మీద నల్లజాతి కళాకారుల, క్రీడాకారుల చిత్రాలు చూపించేవారు. నృత్యం చేస్తూ తలెత్తి చూస్తే తనలాంటి ముఖాలే గోడ నిండా కనిపించడం ఆ వయసులో తనకెంత ధైర్యమిచ్చిందో చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు మారేది. ఆయన మిగిలిన కబుర్లు నవ్వుతూ చెప్పేవారు కానీ దీన్ని మాత్రం ఎప్పుడూ నవ్వుతూ చెప్పలేదు.

అప్పుడు బ్రెజిల్‌లో సైనిక పాలన. 1964 నుంచి 1985 దాకా సాగిన ఆ పాలనలో ‘మన దేశంలో జాతి వివక్ష లేదు’ అనేది అధికారికంగా చెప్పుకునే మాట. నల్లజాతి యువకులు వేల సంఖ్యలో ఒకచోట చేరి, తమ జాతిని చూసి గర్వపడటం ఆ మాటకు సరిపడలేదు. రాజకీయ పోలీసులు నృత్యాల మీద నిఘా పెట్టారు. దోమ్ ఫిలోను పట్టుకుని ప్రశ్నించారు. అమెరికా నుంచి ఎవరో డబ్బు పంపి ఈ నృత్యాలు చేయిస్తున్నారన్నది వారి అనుమానం. 1976 జూలైలో ‘జోర్నల్ దో బ్రజిల్’ పత్రికలో లేనా ఫ్రియస్ అనే విలేకరి ఈ నృత్యాల గురించి పెద్ద కథనం రాశారు. దానితో దక్షిణ భాగపు పాఠకులకు, అంటే అంతవరకు ఈ లోకం తమ పక్కనే ఉన్నా చూడనివారికి, ‘బ్లాక్ రియో’ అనే మాట పరిచయమైంది.

ఆ మాటను రికార్డు కంపెనీలు కూడా విన్నాయి. వార్నర్ సంస్థ బ్రెజిల్ శాఖను అప్పుడే మొదలుపెట్టిన ఆంద్రే మిదానీ, ఈ నృత్యాలకు సరిపోయే స్థానిక బృందం ఒకటి కావాలనుకున్నారు. బాండా బ్లాక్ రియో అలా పుట్టింది. పేరులోనే ఉద్యమం పేరుంది. అమ్మకం కోసం తయారైన బృందమని అప్పట్లో కొందరు చులకనగా చూశారు. అయితే పిలుపు ఎవరిదైనా, వచ్చిన వాద్యకారులు నిన్న మొన్న వాయించడం నేర్చినవారు కారు. ఒబెర్దాన్, బరోజిన్యో, లూయిజ్ కార్లోస్ ముగ్గురూ 1971లో దోమ్ సల్వడోర్ అనే పియానో విద్వాంసుడి అబొలిసావ్ బృందంలో కలిసి వాయించారు. సాంబాకు, సోల్‌కు వంతెన కట్టే పని ఆ బృందంలోనే మొదలైంది. సల్వడోర్ తరువాత న్యూయార్కు వెళ్లిపోయి అక్కడే స్థిరపడ్డారు. ఆయన సగంలో విడిచిన పనిని ఒబెర్దాన్ అందుకున్నాడు. కంపెనీ డబ్బు ఇచ్చింది కానీ, సంగీతం మాత్రం ఆ వాద్యకారుల దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. ఈ సంగతి తెలియకుండా ఆ ఆల్బమును కంపెనీ సరుకు అనడం అన్యాయమని నేననుకుంటాను.

మరొక వైపు నుంచి వచ్చిన విమర్శ దీనికంటే బరువైనది. సాంబా పెద్దలలో కొందరికి ఈ సోల్ నృత్యాలు నచ్చలేదు. మహా సాంబా కవి కండేయా, సాంబా పాఠశాలలు (కార్నివాల్ ఊరేగింపులు నడిపే పేటల సంఘాలు) వ్యాపారమైపోతున్నాయన్న బాధతో 1975లో కిలోంబో అనే సొంత పాఠశాల పెట్టినవాడు, అమెరికా సోల్ వెంట వెళ్లే యువకులను చూసి మన సాంబా ఉండగా ఇదేమిటని అడిగాడు. నాకు కండేయా అంటే ఎంతో గౌరవం. ఆయన ప్రశ్నలో ప్రేమ ఉంది. సాంఘిక శాస్త్రవేత్త జిల్బెర్తో ఫ్రేరీ 1977లో పత్రికలో రాసిన విమర్శలో మాత్రం అది కనిపించదు. నల్లజాతి గర్వం దేశం బయటి నుంచి వచ్చిన ప్రమాదమన్నట్టు ఆయన రాశారు.

బాండా బ్లాక్ రియో వీరెవరికీ మాటలతో జవాబివ్వలేదు. ‘మరియా ఫుమాసా’లో వారు ఎంచుకున్న బాణీలు చూస్తే జవాబు అర్థమవుతుంది. ఆరీ బరోజో 1930లలో బయ్యా రాష్ట్రం మీద కట్టిన పాట ఒకటి తీసుకున్నారు. ఈశాన్య కరవు నేల గొంతుగా పేరుపొందిన లూయిజ్ గోంజాగా కట్టిన బయావ్ అనే ఈశాన్య నృత్య బాణీ తీసుకున్నారు. స్వరకర్త ఎదూ లోబో బాణీ ఒకటి తీసుకున్నారు. షోరో అనే పాత వాద్య సంగీత శైలి కళాకారులు వాయించుకునే బాణీ కూడా ఒకటి ఉంది. ఇవన్నీ బ్రెజిల్ ప్రతి ఇంట్లో తెలిసిన సొత్తు. వాటికి ఫంక్ నడక ఇచ్చారు. కొమ్ముల అమరికలో జత నృత్యాల హాళ్లలో, అంటే గఫియేరాలలో, దశాబ్దాలుగా వాయించిన వాద్యబృందాల పద్ధతి వినిపిస్తుంది. సొంత బాణీలలో ఒకదానికి వాజ్ లోబో మీదుగా లెబ్లోన్ వెళ్లే దారి పేరు పెట్టారు. వాజ్ లోబో మదురేరా పక్కనున్న శ్రామికుల పేట. లెబ్లోన్ దక్షిణ తీరంలోని ధనికుల పేట. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పనికి వెళ్లివచ్చే జనం రోజూ చేసే ప్రయాణం ఆ బాణీలో ఉంది. ఇది అరువు తెచ్చుకున్న సంగీతమని అన్నవారు ఆ పది బాణీలను చివరిదాకా విన్నారా అని నాకు అనుమానం.

ఆల్బము పేరుతో ఉన్న బాణీ 1977లో గ్లోబో టెలివిజన్‌లో ‘లొకొమొతీవస్’ అనే ధారావాహికకు ప్రారంభ సంగీతమైంది. దానితో ఆ కొమ్ముల వరుస సాయంత్రం వేళ దేశమంతటా ఇళ్లలోకి చేరింది. ఆ దశాబ్దం చివరలో కయెతానో వెలోజో ఈ బృందంతో కలిసి వేదిక మీద నృత్య ప్రదర్శన కూడా ఇచ్చారు. గొప్ప కవిగాయకుడు నృత్య సంగీతం వెంట వెళ్లడమేమిటని అప్పట్లో విమర్శకులు ముఖం చిట్లించుకున్నారు.

తరువాతి రెండు ఆల్బముల గురించి కొద్దిగా చెబుతాను. 1978 నాటి ‘గఫియేరా యూనివర్సల్’లో గొంతులు ప్రవేశించాయి. 1980 నాటి ‘సాసీ పెరెరే’లో పాటల పాలు ఇంకా పెరిగింది. మొదటి ఆల్బమును ప్రేమించేవారు చాలామంది ఈ రెంటినీ తక్కువగా చూస్తారు. నాకు మాత్రం ‘గఫియేరా యూనివర్సల్’ మొదటి ఆల్బముకంటే ఎంతో తక్కువ అనిపించదు. ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, ఒబెర్దాన్ మూడు ఆల్బములలో ఏ రెండూ ఒకేలా లేవు. మాటలు లేని వాద్య సంగీతం నుంచి బృందగానం వైపు, అక్కడి నుంచి పాట వైపు ఆయన కదులుతూనే ఉన్నాడు. ఆ కదలిక ఎక్కడికి చేరేదో తెలియకముందే 1984లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. బృందం అక్కడితో ఆగిపోయింది.

ఆ తరువాత బ్రెజిల్‌లో ఆ రికార్డులు మరుగున పడ్డాయి. వాటికి ప్రాణం పోసింది లండన్. 1990లలో అక్కడి డీజేలు పాత బ్రెజిల్ ఎల్పీలు వెతికి తెచ్చి నృత్య క్లబ్బుల్లో వేయడం మొదలుపెట్టారు. రియోలోనే పుట్టిన అజిమూత్ అనే మరొక బృందం పాట 1980లోనే బ్రిటన్ పట్టికల్లోకి ఎక్కింది కనుక అక్కడి శ్రోతలకు ఈ దారి పూర్తిగా కొత్త కాదు. తన పేటలో పుట్టిన సంగీతం విదేశాల్లో మెచ్చుకున్నాక గానీ సొంత ఊరి దుకాణాల్లోకి తిరిగి రాలేదని పెద్దాయన బాధపడేవారు. ‘మొవిమెంతో’ కూడా బ్రిటన్‌లో మిస్టర్ బోంగో సంస్థ ద్వారా ‘రీబర్త్’ అన్న పేరుతో విడుదలైంది. ఆ పేరు నాకు నచ్చదు. పోయినది తిరిగి పుట్టిందని చెప్పే పేరు అది. పోర్చుగీసు పేరు మాత్రం కదలిక ఆగలేదంటోంది, ఒబెర్దాన్ చేసిన పనికి అదే సరిపోతుంది.

ఈ ఆల్బము మీద నాకూ పెద్దాయనకూ చివరిదాకా అభిప్రాయభేదం ఉండేది. ఆయన వాదన ఇది: బాండా బ్లాక్ రియో అంటే ఆ మనుషులు, ఆ గది, ఆ ఏడాది. ఆ ట్రంపెట్ మళ్లీ రాదు. కొడుకు మంచి వాద్యకారుడే, ఆల్బము మంచిదే, కానీ దానికి వేరే పేరు పెట్టుకోవలసింది. మొదటి ఆల్బములో డ్రమ్స్ చెమటోడ్చి వాయించినట్టుంటే ఇందులో కొలిచి వాయించినట్టున్నాయని ఆయన అనేవారు. ఆ మాటలో నిజముంది. 2001 నాటి స్టూడియోల అలవాటు ప్రకారం ఈ ఆల్బములో ప్రతి శబ్దాన్నీ శుభ్రంగా తుడిచి పెట్టారు. 1977 ఎల్పీలో ఒకరి శబ్దం మరొకరి మైకులోకి కారినట్టుండే ఆ గది గాలి ఇక్కడ లేదు. కీబోర్డులు కొన్ని చోట్ల అవసరానికి మించి తియ్యగా ఉన్నాయి. ఒకటి రెండు పాటలు అప్పటి అమెరికా గాయకుల ధోరణికి మరీ దగ్గరగా వెళ్లాయి.

అయినా నేను ఆయనతో ఏకీభవించలేదు. మన సన్నాయి కుటుంబాలలో తండ్రి పోయిన తరువాత కొడుకు అదే రాగాన్ని అదే కొలతలో వాయించాలని ఎవరూ అడగరు. బాణీ నిలిచిందా లేదా అన్నదే చూస్తారు. ఒబెర్దాన్ బాణీ ఏమిటి? బ్రెజిల్ తాళాన్ని నేల మీద ఉంచి, ఆ కాలపు నల్లజాతి యువకులు ఏ సంగీతానికి నృత్యం చేస్తున్నారో దాన్ని తెచ్చి దాని మీద నిలబెట్టడం. 1977లో అది జేమ్స్ బ్రౌన్ ఫంక్. 2001కి వచ్చేసరికి ఆ యువకుల పిల్లలు వింటున్నది ర్యాప్, కొత్త అమెరికా సోల్. విలియం తండ్రి వాయించిన ఫంక్‌నే తిరిగి వాయించి ఉంటే శబ్దం తండ్రిది అయ్యేది, పద్ధతి తండ్రిది కాకపోయేది. గొంతులను ముందుకు తీసుకురావడం కూడా కొత్త సంగతి కాదు. తండ్రి చివరి ఆల్బము అటే నడుస్తోంది. పెద్దాయన మొదటి ఆల్బము నుంచి కొలిచారు కనుక కొడుకు దూరంగా కనిపించాడు. మూడో ఆల్బము నుంచి కొలిస్తే కొడుకు ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. నేను వెనక్కి నడిచి వచ్చాను కనుక ఆ అడుగు నాకు కనబడింది.

ఈ వాదన తెగకపోవడంతో ఒక శనివారం ఆయన నన్ను మదురేరా తీసుకువెళ్లారు. సెంట్రల్ దో బ్రజిల్ స్టేషనులో రైలెక్కి శివార్ల వైపు వెళ్లాం. పోర్తెలా, ఇంపెరియో సెరానో అనే రెండు మహా సాంబా పాఠశాలలకు పుట్టిల్లు ఆ ప్రాంతం. ఒబెర్దాన్ పెరిగిన వాతావరణం కూడా అదే. రాత్రి పదకొండు దాటాక, నెగ్రావ్ ది లీమా అనే పెద్ద ఫ్లైఓవరు కింద జనం చేరారు. 1990లో మొదలై ఇప్పటికీ సాగుతున్న షార్మ్ నృత్యం, అంటే నెమ్మదైన అమెరికా సోల్ పాటలకు వరుసల్లో చేసే నృత్యం, అది. పైన బస్సులు, కింద స్పీకర్లు. ముప్పై దాటిన స్త్రీలు, యాభై దాటిన పురుషులు, పదిహేడేళ్ల పిల్లలు ఒకే వరుసల్లో నిలబడి ఒకే అడుగు వేస్తున్నారు. వరుస మలుపు తిరిగినప్పుడు అందరూ కలిసి తిరుగుతున్నారు. అడుగు తెలియనివారికి పక్కవారు నేర్పుతున్నారు. అక్కడ వేస్తున్నవన్నీ కొత్త పాటలు. పెద్దాయన యౌవనం నాటి పాట ఒక్కటీ నాకు వినబడలేదు. అయినా ఆయన బూట్లు సర్దుకుని వరుసలోకి వెళ్లారు, ఏ పాటకూ తప్పకుండా అడుగు వేశారు.

తిరుగు ప్రయాణంలో నేను ఆయనను అడిగాను: ఇక్కడ ఒక్క పాత పాట లేకపోయినా ఇది మీ నృత్యమే అంటున్నారు, మరి ఒక్క పాత మనిషి లేకపోతే అది మీ బృందం ఎందుకు కాదు? ఆయన చాలాసేపు ఆలోచించి, నృత్యం పేటది, బృందం ఒబెర్దాన్‌ది అన్నారు. ఆ జవాబు నన్ను ఒప్పించలేదు కానీ ఆ బృందాన్ని ఆయన ఎంతగా సొంతం చేసుకున్నారో అర్థమైంది. తన ఇరవయ్యో ఏట తనకు బలమిచ్చిన సంగీతం మరొకరి చేతుల్లో మారడాన్ని ఆయన భరించలేకపోయారు. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. నగరపాలక సంస్థ 2013లో ఆ ఫ్లైఓవరు కింది నృత్యాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిందని హైదరాబాదులో చదివినప్పుడు నాకు ముందుగా ఆయనే గుర్తుకొచ్చారు.

నేను భారతదేశానికి తిరిగి వచ్చిన తరువాత కూడా బృందం ఆగలేదు. 2009లో అమెరికా ర్యాప్ కళాకారుడు మోస్ డెఫ్ తన ఆల్బము చివరి పాటను, ఈ బృందం 1977లో వాయించిన ఎదూ లోబో బాణీ మీదే కట్టాడు. హైదరాబాదులో ఆఫీసు బస్సులో అది విని, పక్కనున్నవారికి ఈ కొమ్ములు రియోవని చెప్పకుండా ఉండలేకపోయాను. 2011లో విలియం ‘సూపర్ నోవా సాంబా ఫంక్’ తెచ్చాడు. దీన్ని లండన్‌లోని ఫార్ ఔట్ సంస్థ విడుదల చేసింది. జిల్బెర్తో జిల్, ఎల్జా సోరెస్, సెవు జోర్జి, సావ్ పావులో ర్యాప్‌కు పెద్ద దిక్కైన మానో బ్రౌన్ అందులో పాలుపంచుకున్నారు.

నా లెక్కలో విలియం వాదనకు అసలు రుజువు ఈ ఆల్బమే. ‘మొవిమెంతో’లో ఆయన ఇంకా తడుముకుంటున్నాడు. తండ్రి పేరు బరువు భుజాల మీద ఉన్నట్టు వినబడుతుంది. ఇక్కడ ఆ బరువు లేదు. కొమ్ములు మళ్లీ పదునెక్కాయి, డ్రమ్స్ మళ్లీ ఊపిరి పీల్చుకున్నాయి. ఎల్జా సోరెస్ రియో పేదల బస్తీలో పుట్టి 1960లలోనే సాంబాను గరగరలాడే గొంతుతో పాడి కొత్తదారి పట్టించిన గాయని. ఆమె గొంతు, ఒబెర్దాన్ తరం వాద్యాలు, మానో బ్రౌన్ తరం మాట ఒకే ఆల్బములో ఇమడగలిగాయంటే, వాటి కింద తాళం గట్టిగా ఉండబట్టే.

కొత్తగా వినబోయేవారు అందరూ చెప్పినట్టు 1977 ఆల్బముతో మొదలుపెడితే తప్పులేదు. అది నిస్సందేహంగా వీరి శిఖరం. కానీ ఆ శిఖరం మీద నుంచి చూస్తే మిగిలినవన్నీ దిగుడుగానే కనిపిస్తాయి. నా మాట వినేవారుంటే 2011 నాటిదాన్ని ముందు వినండి, తరువాత ‘మొవిమెంతో’, ఆ తరువాత ‘గఫియేరా యూనివర్సల్’, చివరగా ‘మరియా ఫుమాసా’. చివరిది వినేటప్పుడు ఇయర్‌ఫోన్లు కాకుండా కాస్త పెద్ద స్పీకర్లు దొరికితే మంచిది. జమీల్ జోవానిస్ బేస్ చిన్న స్పీకర్లలో సగమే వినిపిస్తుంది.